టాంగనీకాకు బండ్రి ముయ్యి

బసవపున్నయ్య కోస్తావాడు. కోస్తావాడు కనుకే కోతలు కోస్తాడని సిరుగుప్ప కాలువ కింద వాళ్ల క్యాంపులో అందరూ అనేవారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చి వరి మళ్లు వేసుకున్నవాళ్ల ఊళ్లను అక్కడ క్యాంపులనే పిలుస్తారు. డేరాలు లేచిపోయి మిద్దెలు లేచినా, ఆ పేరు మాత్రం లేచిపోలేదు.

అతని తండ్రి వెంకటప్పయ్య ఇంకో అడుగు ముందుకు వేసేవాడు. "మావాడు నోటితో అయితే ఎకరాలకు ఎకరాలు కోస్తాడండీ. కొడవలి చేతికిస్తే మాత్రం గోళ్లు కోసుకుంటాడు" అనేవాడు.

ఇంత కోస్తావాడూ సముద్రం చూసి ఎరగడు. గుంటూరు జిల్లాలో వాళ్ల పల్లెకూ సముద్రానికీ మధ్య బోలెడన్ని పొలాలు. పిల్లవాడు ఆ పొలాలు దాటే వయసు వచ్చేలోపే తుంగభద్ర కాలువలో నీళ్లు వదిలారన్న కబురు వచ్చింది. కుటుంబమంతా రైలెక్కి, సముద్రానికి వీపు చూపించి, పడమటికి వచ్చేసింది. అప్పటినుంచి బసవపున్నయ్యకు ఒకటే యావ. ఎప్పటికైనా ఓడ ఎక్కాలి. కాలువలో మునిగి లేచినప్పుడల్లా పెదాలు నాకి చూసుకుని, "ఉప్పగా లేదే!" అని విచారించేవాడు.

అందుకే బళ్లారి కంటోన్మెంటులో ఒక శిక్షణ కేంద్రం తెరిచారని తెలియగానే పరుగెత్తుకుంటూ వెళ్లి చేరాడు. పల్లెలను బాగుచేసుకునే పనులు అక్కడ నేర్పుతారు. నేర్చినవాళ్లలో ఒక్కరిని ఆఫ్రికాలో టాంగనీకా దేశానికి పంపుతారు. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండేళ్లు. పల్లెల్లో ఉండి, ఎరువు గుంతలు తవ్వి, వాన నీటికి కట్టలు వేసి, అన్నీ తన చేతులతో చేసి చూపించే మనిషి కావాలని వాళ్లు అడిగారు. 'చేతులతో' అన్న మాట బసవపున్నయ్యకు వినిపించలేదు. 'ఓడ' అన్న మాట మాత్రం రెండు చెవులా వినిపించింది.

"టాంగనీకా వెళ్తాను నాన్నా" అన్నాడు.

"టాంగా... నీకా? ఎవడిస్తాడ్రా నీకు టాంగా? కంటోన్మెంటు జట్కావాడు నిన్ను చూస్తే గుర్రానికి కూడా కళ్లు మూస్తాడు!" అన్నాడు వెంకటప్పయ్య.

శిక్షణ కేంద్రానికి ప్రిన్సిపాలు సీతారామారావు. ఖద్దరు చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, చేతిలో ఎప్పుడూ ఒక సుద్దముక్క. పొలం గట్టు మీద నిలబడి కూడా గాలిలో ఏదో ఒకటి రాసేవాడు. ఒకనాడు తరగతిలో "కంపోస్టు అంటే ఏమిటి?" అని అడిగాడు.

"కంపు భరించినవాడికి దొరికే పోస్టు సార్" అన్నాడు బసవపున్నయ్య.

తరగతి పగలబడి నవ్వింది. సీతారామారావు నవ్వలేదు. పై అధికారి వచ్చినప్పుడు మాత్రం ఆ జోకును తనదిగా చెప్పి ఆయన్ను నవ్వించాడు.

పొగ లేని పొయ్యి కట్టడం కూడా నేర్పారు. బసవపున్నయ్య కట్టింది మాత్రం పొయ్యి లేని పొగ అయింది. అయినా అతనే అందరికన్నా ముందున్నాడు. ఎందుకంటే అప్పటిదాకా పెట్టిన పరీక్షలన్నీ నోటి పరీక్షలు.

చివరి పరీక్ష చేతిది. ఒక్కొక్కరు ఒక్కొక్క పల్లెకు పోయి, ఊరివాళ్లు కూలి తీసుకోకుండా, ఇష్టపడి, ఒక పని పూర్తి చేసేలా చూడాలి. దానికి శ్రమదానమని పేరు. కోతల కాలంలో టాంగనీకా నుంచి జుమా అనే పెద్దమనిషి వచ్చి పనులు చూస్తాడు. ఆయనకు నచ్చితే ఓడ. నచ్చకపోతే కాలువ.

బసవపున్నయ్యకు పడిన ఊరు సండూరు తాలూకాలో బండ్రి. ఊరి పేరు వినగానే అతను కౌల్ బజారుకు పోయి ఒక రేకు ట్రంకు కొన్నాడు. మూత మీద తెల్ల రంగుతో 'బసవపున్నయ్య, టాంగనీకా' అని రాయించాడు. ఆ పెట్టె నెత్తిన పెట్టుకునే బండ్రిలో బస్సు దిగాడు.

*

అతనికి బస ఇచ్చింది నారప. తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగు రైతు. తెలుగూ కన్నడమూ ఒకే నోట, ఒక్కోసారి ఒకే మాటలో మాట్లాడతాడు. కొట్టం పక్కన ఖాళీగా ఉన్న గది చూపించి, పెట్టె మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"టాం-గ-నీ-కా. ఇది యాడుండాదప్పా? హోస్పేట దాటినాకనా?"

"దాటాక చాలా దూరం అండీ. మధ్యలో సముద్రం ఉంది."

"హౌదా, నిజమేనా! మత్తె మరి ఈడ దిగితివేంది?"

ఈడ ఎందుకు దిగాడో ఆ సాయంత్రం చావడి దగ్గర బసవపున్నయ్య ఊరందరికీ చెప్పాడు. ఊరికి ఎగువన ఒక వంక ఉంది. వాన పడితే చాలు, నీళ్లు ఆ వంక పట్టుకుని, చేలలో మన్నునంతా వెంటేసుకుని, ఎవరో తరుముతున్నట్టు పారిపోయేవి. వంకకు అడ్డంగా ఒక మట్టి కట్ట వేస్తే నీళ్లు ఆగుతాయి, మన్ను ఆగుతుంది, కింది చేలకు తడి దిగుతుంది. ఇది ఊరికి తెలియని సంగతి కాదు. పూనుకున్నవాడు లేడు, అంతే. బసవపున్నయ్య చేతులు ఊపుతూ దేశం గురించి, త్యాగం గురించి, చీమల గురించి మాట్లాడాడు. ఊరు శ్రద్ధగా విన్నది. తెల్లారి పార పట్టుకుని వంక దగ్గర నిలబడితే చీమలు మాత్రమే వచ్చాయి.

"ఎవరూ రాలేదేమండీ?" అని నారపను అడిగాడు దిగులుగా.

"వాళ్లకేం తెల్సప్పా? మొన్న బీడీఓ వచ్చినాడు. బీడీ తాగినాడు, ఓ అన్నాడు, పోయినాడు. నువ్వూ అట్లనే అనుకున్యారు. చావడికాడ అరిస్తే అది పిలిచినట్లు కాదు. ఇంటింటికీ పోయి, గడప ముందర నిలబడి పిలువు. వచ్చినోళ్లకు మద్యాన్నం నువ్వు రొట్టె పెట్టాల. అదీ పద్ధతి."

"అంతేనా!"

"అంతే" అన్నాడు నారప. అతని లెక్కలో మిగతాదంతా పసిపిల్లలకు కూడా తెలిసిన విషయం. తెలిసినదాన్ని ఎవరు చెబుతారు?

బసవపున్నయ్య ఇంటింటికీ పోయాడు. మొదటి గడప పక్కీరమ్మది. ఆవిడ నోటికీ కొడవలికీ ఒకే ఆకురాయి. వాకిట్లో జొన్నలు చెరుగుతూ అతన్ని కాలి గోరు నుంచి క్రాపు దాకా చూసింది.

"కట్టకు పిలుస్తాండావు, బాగుంది. పిలుస్తాండేది ఎవరు? నువ్వా, సర్కారా?"

బసవపున్నయ్య ఛాతీ ఆ మాటకు పూరీలా పొంగింది. "సర్కారు కాదండీ. నేనే! నేనే పిలుస్తున్నాను!"

"నువ్వే?"

"నేనే!"

"ఆయితు. వస్తా పో" అంది పక్కీరమ్మ, చేట పక్కన పెట్టి.

తాయప్ప ఇంట్లో అదే ప్రశ్న, అదే జవాబు. మారన్న ఇంట్లో అదే ప్రశ్న, ఇంకొంచెం గట్టిగా అదే జవాబు. ఊరంతా తిరిగేసరికి 'నేనే, నేనే' అని అతని గొంతు మేకలా తయారైంది.

తెల్లారేసరికి వంక నిండా జనం. పారలు, గడారులు, గంపలు. మట్టి తవ్వేవాళ్లు, మోసేవాళ్లు, తొక్కేవాళ్లు. పాటలు, పరాచికాలు. బసవపున్నయ్య గుడ్డ టేపు పట్టుకుని కట్ట పొడవునా పరుగెత్తి కొలతలు కొలిచాడు. కొలవనప్పుడు ఉపన్యసించాడు. ఒకసారి గంప ఎత్తబోతే తాయప్ప, "వద్దప్పా, నీ గంపలో మట్టి కంటే మాట ఎక్కువుండాది" అని దించేశాడు. మధ్యాహ్నం అతని పొయ్యి మీద రొట్టెలు కాలాయి. పొగకు పక్కీరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే, "కట్ట అయిపోతోందని బాధపడుతున్నారు" అని బసవపున్నయ్య మారన్నకు చెప్పాడు.

కట్ట అయింది. చివరి వాన దాని ముందు వచ్చి నిలబడింది. పారిపోయే నీళ్లు మొదటిసారి కూర్చున్నాయి. ఊరంతా వెళ్లి చూసి, నీళ్లలో కాళ్లు పెట్టి వచ్చింది. బసవపున్నయ్య ఆ నీళ్లలో తన ముఖం చూసుకున్నాడు. ముఖం వెనకాల ఓడ కూడా కనిపించింది.

వెంటనే సీతారామారావుకు ఉత్తరం రాశాడు. 'నా ఒక్క మాటకు బండ్రి మొత్తం శ్రమదానానికి కదిలింది. జుమా గారు వచ్చే రోజు కట్ట మీద ఊరంతా దండలతో నిలబడుతుంది.' దండల మాట ఊరికి ఇంకా చెప్పలేదు. అడిగితే రారా అనుకున్నాడు. కట్టకే వచ్చినవాళ్లు దండకు రారా?

*

జొన్న పండింది. కంకులు బరువెక్కి తలలు వంచాయి. ఒక తెల్లవారుజామున బసవపున్నయ్య గది తలుపు దబదబలాడింది. తీస్తే పక్కీరమ్మ. చేతిలో రెండు కొడవళ్లు.

"రాప్పా. ముయ్యి!"

బసవపున్నయ్య గబుక్కున నోరు మూశాడు. నిజానికి ఇంకా తెరవనే లేదు. అందుకే కాసేపటికి తెరిచి, "నేనేమీ అనలేదు కదండీ!" అన్నాడు.

"అనేది యాల? నడువు. ముయ్యి అంటే తెల్దా? నీ కట్టకు నేను వచ్చినా ల్యా? నువ్వు పిలిస్తే వచ్చినా. ఇప్పుడు నా జొన్న కోతకు నేను పిలుస్తాండా, నువ్వు రావాల. చేసిన చేతికి చెయ్యి. అదే ముయ్యి."

"అది... అది శ్రమదానం కదండీ!"

"దానమా?" పక్కీరమ్మ రెండు కొడవళ్లూ ఒక చేతిలోకి మార్చి, ఖాళీ చెయ్యి నడుము మీద పెట్టింది. "దానం ఎవరికి ఇస్తారప్పా? ల్యానోనికి ఇస్తారు. నువ్వు చూస్తే ట్రంకు పెట్టున్నోనివి, క్రాపున్నోనివి. మర్యాదస్తుడు పిలుస్తాండాడని వచ్చినాము. నీకు దానం చేసేటంత పొగరు మాకు ల్యాదు!"

బసవపున్నయ్య బేరానికి దిగాడు. "పోనీ, ఒక కూలి మనిషిని పంపిస్తానండీ."

"కూలోని చెయ్యి కూలోనిది. పిలిచేది నువ్వా సర్కారా అని అడిగితి ల్యా? సర్కారు అనుంటే కూలి ఎంతని అడిగేదాన్ని. నువ్వేమంటివి? నేనే అంటివి. రొమ్ము ఇంత చేసుకోని అంటివి. ఇప్పుడు ఆ నేనే రావాల."

ఆ 'నేనే'లన్నీ ఊళ్లో ఎన్ని గడపల ముందు చల్లి వచ్చాడో బసవపున్నయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకపోయినా నష్టం లేదు. పక్కీరమ్మ వెనకాల తాయప్ప కొడవలితో నిలబడి ఉన్నాడు. తాయప్ప వెనకాల మారన్న. మారన్న వెనకాల సగం బండ్రి.

"ఫస్టు నాది!"

"కాదు, నాది! నా చేను జల్దీ ఎండిపోతాండాది!"

"సాకు సాకు! చాలు!" అంటూ నారప వచ్చి వంతులు వేశాడు. మొదటి గడప పక్కీరమ్మది కనుక మొదటి చేను ఆవిడది.

"నారప గారూ, వీళ్లందరికీ తీరేసరికి ఎప్పటికవుతుందండీ?"

"జొన్న, శెనక్కాయ, పత్తి... ఉగాదికంతా తీరుతుందిలే" అన్నాడు నారప ధైర్యం చెబుతూ.

"ఉగాదా! ఓడ అంతకుముందే వెళ్లిపోతుందండీ!"

"చెయ్యెత్తితే నిలపరా? మన బండ్రి బస్సు నిలుపుతారే!"

"మరి... తీర్చకుండా వెళ్లినవాళ్లు ఎవరూ లేరా?"

నారప నవ్వడం మానేశాడు. "ముయ్యి పెట్టుకోని ఊరు దాటినోడు ఈ ఊర్లో ల్యాడప్పా. దాటితే, మళ్లా ఎవరన్నా వచ్చి గడప ముందర నిలబడి పిలిస్తే ఎవరూ పోరు. ఒకడు తినిపోతే అందరి నోట్లో మన్ను పడుతుంది."

బసవపున్నయ్య కొడవలి అందుకున్నాడు. జుమా గారు రావడానికి నడుమ రెండే రోజులున్నాయి. ఆ రెండు రోజుల్లో పక్కీరమ్మ చేను కోసేసి, ఎలాగో ఊరిని బతిమాలి కట్ట మీద నిలబెట్టాలని అతని ఎత్తు.

ఎత్తు బాగానే ఉంది. వంగడమే రాలేదు. జొన్న దంటు అతని తలకన్నా ఎత్తు. పట్టుకుంటే ఆకు కోస్తుంది. కోస్తే దంటు తెగదు. తెగితే కంకి వచ్చి నెత్తిన మొడుతుంది. పక్కీరమ్మ ఒక సాలు పూర్తి చేసి వెనక్కి తిరిగి చూసేసరికి, బసవపున్నయ్య తన సాలులో ఇంకా మొదటి దంటుతో రాయబారం నడుపుతున్నాడు.

"దాన్ని కొయ్యమంటే పేరు అడుగుతాండావేందప్పా?"

"వస్తున్నానండీ!"

"వస్తాండావు, వస్తాండావు. నువ్వు వచ్చేలోపల అది మళ్లా చిగురేస్తుంది!"

అరచేతులు పొక్కాయి. నడుము విల్లులా వంగి, మళ్లీ బాణంలా కాలేదు. నోటితో జీవితమంతా కోసిన కోతలు ఒక ఎత్తు, ఈ ఒక్క సాలు ఒక ఎత్తు. అయితే రెండో రోజు సాయంత్రానికి ఒక వింత జరిగింది. కొడవలి 'సర్రు'మంది. దంటు మర్యాదగా పక్కకు ఒరిగింది. బసవపున్నయ్య ఆశ్చర్యపోయి, ఎవరు కోశారా అని చుట్టూ చూశాడు. తనే. పక్కీరమ్మ ఆ రోజు రొట్టెలో పుండికూర, అదే గోంగూర, కొంచెం ఎక్కువ పెట్టింది.

చేను సగం కూడా కాలేదు. తెల్లవారితే జుమా.

*

జీపు నేరుగా కట్ట దగ్గరికి వచ్చింది. దారి పొడవునా సీతారామారావు, దండలతో నిలబడబోయే జనసముద్రం గురించి జుమాకు వర్ణిస్తూనే ఉన్నాడు. దిగి చూస్తే కట్ట మీద ఒక గేదె ఉంది. ప్రిన్సిపాలును చూసి, అది తన వంతు కంపోస్టు సమర్పించుకుంది.

జుమా పొడుగాటి మనిషి. నవ్వితే కళ్లు ముందు నవ్వుతాయి. కట్ట పొడవునా నడిచాడు, మడమతో మట్టి నొక్కి చూశాడు, నిలిచిన నీళ్లలో చెయ్యి పెట్టాడు. "కట్ట బాగుంది. కట్టినవాళ్లు ఎక్కడ?" అని ఇంగ్లీషులో అడిగాడు.

కట్టినవాళ్ల గొంతులు పక్కీరమ్మ చేను వైపు నుంచి వినిపిస్తున్నాయి. ఆవిడకు ముయ్యి ఉన్నవాళ్లంతా ఆ పొద్దు కోతకు దిగారు. వెళ్లేసరికి, జొన్న మధ్యలోంచి ఒక ఆకారం లేచింది. జుట్టు నిండా ఆకులు, చెంపల నిండా గీతలు, చొక్కాకు ఒక్కటే చెయ్యి. సీతారామారావు దాన్ని దిష్టిబొమ్మ అనుకున్నాడు. అది "నమస్కారం సార్" అన్నాక గుర్తుపట్టాడు.

"ఏమయ్యా ఇది! దండలేవి? జనమేరి? నువ్వు ఇక్కడ కూలి చేస్తున్నావా?" అని తెలుగులో పళ్లు బిగించి, జుమా వైపు తిరిగి ఇంగ్లీషులో చిరునవ్వు నవ్వి, మళ్లీ తెలుగులో, "ఇది కూడా శ్రమదానమే అని చెప్పు. ఊరికి బదులుగా నువ్వు దానం చేస్తున్నావని చెప్పు. చెప్పవయ్యా!" అన్నాడు.

మంచి సలహా. పాత బసవపున్నయ్య అయితే దాన్ని ఉప్పూకారం వేసి వండేవాడు. నోరు తెరిచాడు కూడా.

"ఏమంటాండాడు మీ సారు?" అంది పక్కీరమ్మ, కొడవలి ఆపి.

బసవపున్నయ్య ఆవిణ్ణి చూశాడు. తన అరచేతులు చూసుకున్నాడు. వంక వైపు చూశాడు. ఓడ అక్కడినుంచి మెల్లగా కదిలి వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

"జుమా గారూ, వీళ్లు నాకు దానం చేయలేదండీ" అన్నాడు ఇంగ్లీషులో. "చేబదులు ఇచ్చారు. వాళ్ల చెయ్యి నాకిచ్చారు, నా చెయ్యి వాళ్లకు తిరిగివ్వాలి. అది తెలియక నా గొప్ప అనుకున్నాను. కట్ట వేసింది వాళ్లు. నేను వేసింది టేపు. ఊరంతటికీ బాకీ ఉన్నాను. తీరేదాకా కదలడానికి లేదు. మీ ఓడ వెళ్లిపోతుంది."

సీతారామారావు చేతిలో సుద్దముక్క రెండైంది.

జుమా కళ్లు నవ్వాయి. తర్వాత భుజాలు నవ్వాయి. తర్వాత మనిషంతా నవ్వి, జొన్న దంటుకు చేరగిలబడి, అది విరిగితే కిందపడి, కిందపడ్డాక కూడా నవ్వాడు. "మా అమ్మ నన్ను చిన్నప్పుడు ఇలాగే పక్కింటి చేలోకి తోలేది! వాళ్లు మా గుడిసె కప్పారని! మా ఊళ్లో కూడా పిలిచినవాడే బాకీ పడతాడు!" అన్నాడు. పక్కన విరిగిన కంకిని చేతిలోకి తీసుకుని, పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూశాడు. "మ్తామా!"

"ఏంది, ఏంది? మాదమ్మా అంటాండాడా?" అంది పక్కీరమ్మ. "కాదప్పా, నాదీ చేను!"

బసవపున్నయ్య జుమాను అడిగి చెప్పాడు: "జొన్నకు వాళ్ల భాషలో పేరు అదేనండీ. వాళ్లూ జొన్న పండిస్తారట."

"హౌదా! జొన్న తినేటోళ్లా? మత్తె అంత దూరం మనిషి మాదిరి నిలబడినాడేంది? రమ్మను!"

తర్జుమా అవసరం లేకపోయింది. జుమా కోటు విప్పి, వెంటే వచ్చిన గేదె లేని వైపు చూసి ఒక రాయి మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, కొడవలి అడిగి తీసుకున్నాడు. సర్రు, సర్రు, సర్రు. పక్కీరమ్మ తన సాలు ఆపి చూసింది. ఊరి చరిత్రలో అది పండగలాంటి రోజు. జుమా ఒక సాలు, బసవపున్నయ్య పక్క సాలు. పోటీ కాదు గాని, పోటీయే.

"అందరూ వంగినారు, ఈయప్ప నిలబడుండాడే" అంది పక్కీరమ్మ, గట్టు మీద ప్రిన్సిపాలును చూసి. "ఏమి పేరు ఈయప్పది?"

"సీతారామారావు గారండీ."

"అదీ సంగతి! పేర్లోనే 'రావు' ఉండాది. యాడొస్తాడు!"

చేనంతా గొల్లుమంది. సీతారామారావు ఎర్రబడ్డాడు. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, "ఇదిగో, వచ్చాను!" అంటూ దిగాడు. దిగినవాడు మోపు కట్టడంలో ఎంత మునిగిపోయాడంటే, మధ్యాహ్నం రొట్టె దగ్గర ఆయన్ను మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

పొద్దు వాలేసరికి పక్కీరమ్మ చేను అయిపోయింది. జుమా చెమట తుడుచుకుని, నారపతో, "ఈ అబ్బాయిని మా దేశానికి తీసుకుపోతాను, పంపిస్తారా?" అని అడిగాడు. బసవపున్నయ్య దాన్ని తెలుగులోకి మార్చడానికి సిగ్గుపడితే సీతారామారావు మార్చాడు.

నారప తల అడ్డంగా ఊపాడు. "మంచోడే. కానీ పక్కీరమ్మది తీరినా ఇంకా అందరిదీ ఉండాది. ఎట్ల పంపేది?"

పక్కీరమ్మ మాత్రం కొంగుతో కొడవలి తుడుస్తూ ఏదో లెక్క వేస్తోంది.

"ఉండప్పా నారపా. ఈ జుమప్ప నా చేన్లో కోసినాడు. నా రొట్టె తిన్యాడు. ఈయప్పకు నేను ముయ్యి పడినా ల్యా?"

"పడితివి."

"నేను సముద్రం దాటి పోయి తీర్చేకయితుందా? బస్సెక్కితేనే నాకు కక్కొస్తుంది. మత్తె నా బదులు ఎవరన్నా పోవాల ల్యా?"

నారప కళ్లు పెద్దవయ్యాయి. "పక్కీరమ్మా..."

"ఈ పున్నయ్య ఊరికి బాకీ. ఊరు జుమప్పకు బాకీ అయితే, వీడు ఆడికి పోయి ఊరి తరఫున చేస్తే అన్నీ బరాబర్!"

"ఊరు యాడ బాకీ?" అని అరిచాడు తాయప్ప. "నీ చేన్లో కోసినాడు, నా చేన్లో కోసినాడా?"

"నా దాంట్లో కూడా కొయ్యల్యా!" అన్నాడు మారన్న.

బసవపున్నయ్య ఒక్క గుక్కలో అంతా ఇంగ్లీషులో చెప్పేశాడు. జుమా ఆకాశం వైపు చూశాడు. కాస్త వెలుగు ఉంది. కొడవలి భుజాన వేసుకుని, "చేలు ఎటువైపు?" అన్నాడు.

ఇక చూడండి. తాయప్ప చేలో ఒక సాలు. గట్టు దూకి మారన్న చేలో ఒక సాలు. ముందు జుమా, వెంట బసవపున్నయ్య, వెనకాల ఒక కాలికే చెప్పున్న సీతారామారావు, ఆయన వెనకాల పిల్లలు, కుక్కలు, ఎందుకొస్తుందో తెలియని గేదె. "ఈడ, ఈడ! మాది ఈడుండాది!" అని ప్రతి గట్టు మీద నుంచీ కేకలు. ప్రతి చేను చివరా ఎవరో ఒకరు రొట్టె ముక్క జుమా నోట్లో కుక్కి, "పడినాము, పడినాము!" అని చప్పట్లు కొట్టేవారు. బాకీ పడినందుకు ఒక ఊరు అంత సంబరపడడం సీతారామారావు ఏ తరగతిలోనూ చెప్పలేదు. చివరి సాలు చివరి దంటు తెగేసరికి సూర్యుడు కూడా చాలనుకుని దిగిపోయాడు.

జుమా నేల మీద వెల్లకిలా పడి, రొప్పుతూ, "మా దేశానికి దానం చేస్తామని వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. బాకీ తీర్చడానికి వచ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. నాకు వీడే కావాలి" అన్నాడు.

పక్కీరమ్మ బసవపున్నయ్య ఎదుటికి వచ్చి నిలబడింది. మొదటి రోజు గడప ముందు చూసినట్టే, కాలి గోరు నుంచి క్రాపు దాకా చూసింది. క్రాపు ఇప్పుడు లేదు, గడ్డి ఉంది.

"ఆడికి పోయి చేసేది ఎవరప్పా? నువ్వా, సర్కారా?"

ఈసారి బసవపున్నయ్య ఛాతీ పొంగలేదు. పొక్కులు పగిలిన అరచేతులు ఒకసారి మూసి, తెరిచాడు.

"నేనేనండీ" అన్నాడు, మెల్లగా.

"ఆయితు. పో" అంది పక్కీరమ్మ.

*

బయలుదేరే రోజు ట్రంకు మూత పడలేదు. అటక మీద పెడితే నెలలు నిలిచే ఎండు రొట్టెలు, శెనక్కాయ పొడి, తాయప్ప ఇచ్చిన విత్తనపు జొన్న మూట, అన్నిటి మీదా అడ్డంగా పక్కీరమ్మ కొడవలి. మూత మీద నారప, తాయప్ప, మారన్న ముగ్గురూ కూర్చుంటే గాని గొళ్లెం పడలేదు. మూత మీది పేరు కింద నారప మసిబొగ్గుతో ఇంకో మాట రాశాడు: 'బండ్రి తరఫున.'

వెంకటప్పయ్య క్యాంపు నుంచి వచ్చాడు. కొడుకు చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. కాయలు కాచిన చోట బొటనవేలితో రుద్ది, అది రంగు కాదని నిర్ధారించుకున్నాడు. "కోశావుట్రా?" అన్నాడు.

"కోశాను నాన్నా."

"నోటితో కాదుగా?"

బస్సు వచ్చింది. నారప చెయ్యెత్తితే నిలబడింది. "చూసినావా? ఓడకు కూడా ఇట్లనే ఎత్తాల" అన్నాడు. బసవపున్నయ్య ట్రంకు పైకెత్తి తనే టాపు మీదికి ఎక్కించాడు. ఎవరి సాయమూ తీసుకోలేదు. తీసుకుంటే మళ్లీ పడతాడు కదా.

బస్సు కదిలింది. పక్కీరమ్మ కిటికీ పట్టుకుని పక్కనే పరుగెత్తింది.

"ఇదో, పున్నయ్యా! ఆడ మన లెక్క ఎంతో అంతే చెయ్యి!"

"అలాగేనండీ!"

"లెక్క కంటే ఎక్కువ చేసినావంటే వాళ్లు మనకు పడతారు! అప్పుడు ఆ జుమప్ప మళ్లా ఈడికి రావాల్సి వస్తుంది, తెల్సునా?"

"తెలుసండీ!"

పక్కీరమ్మ ఇంకో నాలుగు అడుగులు పరుగెత్తింది. దుమ్ములోంచి ఆవిడ గొంతు మాత్రం బస్సును దాటి ముందుకు పోయింది.

"అందుకే... కొంచెం ఎక్కువే చెయ్యప్పా!"